మారిన బాణీ, మారని భక్తి

రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో 1930 జూలై 6న జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గానంలో మీకు ఏ దశ ఇష్టం? ఈ విషయంలో రసికులు నేటికీ ఏకాభిప్రాయానికి రారు.

విజయవాడ ఆకాశవాణి ద్వారా ఇంటింటికీ చేరిన రామదాసు కీర్తనలే ఆయన ప్రతిభకు పరాకాష్ఠ అని కొందరి భావన. అక్కడ సాహిత్యానిదే పెద్దపీట. ఇంటిల్లిపాదీ గొంతు కలపగల సరళత ఉంది. 72 మేళకర్త రాగాల్లోనూ స్వయంగా కృతులు రచించి, ‘రాగాంగ రావళి’గా వినిపించిన వాగ్గేయకారుడే మరికొందరికి ఆరాధ్యుడు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలను ప్రకటించినప్పుడు మాత్రం, ‘ఇది శాస్త్రసమ్మతమేనా?’ అన్న వివాదం చెలరేగింది.

ఆయన సంప్రదాయాన్ని వీడారా? గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారిది త్యాగరాజ శిష్యపరంపర. ఆ త్యాగరాజస్వామి సైతం ఎన్నో అపురూప రాగాలకు తమ కృతులతో ప్రాణం పోసినవారే. ‘మహతి’ అన్న పేరు కూడా నారదమహర్షి వీణదే కదా!

2016 నవంబరు 22న ఆయన నాదైక్యం చెందారు. రికార్డులు మనకు మిగిలాయి. ఒక రామదాసు కీర్తన, ఆ వెంటనే ఒక మహతి కృతి వినండి. స్వరాల సంఖ్య తగ్గినా, ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా, ఆర్ద్రంగా పలికే ఆ తీరు తగ్గలేదని మీకే బోధపడుతుంది.