చీనా పింగాణీ, జేడ్ శిల – సాలార్‌జంగ్ సేకరణ

నిర్మల్ పేరు చెప్పగానే పొనికి కర్రతో చేసిన బొమ్మలు, బంగారు వన్నె చిత్రాలు మనస్సులో మెదలుతాయి. ఆ పట్టణంలోనే వంటింటి మూలన తొక్కు నింపిపెట్టిన జాడీని మాత్రం ఎవరూ కళావస్తువుగా తలపరు. కాని నీరు పీల్చని, పులుపు సోకినా చెడని, గాజువలె మెరిసే ఆ పూత వెనుక మానవుని సుదీర్ఘమైన అన్వేషణ దాగి ఉన్నది. మట్టిని గాజుతో సమానం చేయాలన్న ఆ అన్వేషణలో చీనా దేశీయులు అందరికంటె ముందు నడిచారు. అందుకే హైదరాబాదు ప్రాంతపు ఉర్దూలో ఇప్పటికీ పింగాణీని ‘చీనీ’ అనే వ్యవహరిస్తారు. పారసీకంలో ‘పింగాన్’ అంటే గిన్నె అని అర్థం. మన పింగాణీ ఆ మాటకు చుట్టమే.

చీనా వస్తువులు తెలుగువారికి కొత్తవి కావు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు రక్షణ కల్పించి, సరుకులపై సుంకాలను నిర్ణయించింది. శ్రీనాథుని హరవిలాసానికి కృతిభర్త అయిన అవచి తిప్పయసెట్టి దేశదేశాల నుండి సరుకులు తెప్పించిన వర్తకుడు. ఆయన దిగుమతులలో చీనా పట్టుబట్టలను కూడా కవి పేర్కొన్నాడు. ‘చీనాంబరం’ అన్న మాట మన కావ్యాలలో ఎంత సహజంగా ఒదిగిపోయిందో కావ్యపాఠకులకు తెలిసిందే.

అసలైన పింగాణీకి రెండు పదార్థాలు ప్రధానం. ఒకటి కయోలిన్ అనే తెల్లని మట్టి. చీనాలోని జింగ్‌డెజెన్ పట్టణ సమీపాన ఉన్న గావోలింగ్ అనే కొండ పేరే దీనికి వచ్చింది. రెండవది మెత్తగా నూరిన ఒక తెల్లరాతి పొడి. ఈ రెండింటిని కలిపి ఇంచుమించు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినప్పుడు రాతిపొడి కరిగి, మట్టి కణాల సందులను పూరిస్తుంది. అందువల్లనే పలుచని పాత్రను దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు లోపలికి ప్రసరిస్తుంది; వేలితో మీటితే కంచువలె మోగుతుంది. తెలుపుపై నీలపు చిత్రణకు వాడిన కోబాల్టు మొదట పారసీక దేశం నుండి చీనాకు చేరింది. ఐరోపావారు ఈ రహస్యాన్ని ఛేదించి జర్మనీలోని మైసెన్‌లో కర్మాగారం నెలకొల్పుకొనేసరికి 1710 వచ్చింది.

లేత ఆకుపచ్చని పూత గల సెలడాన్ పాత్రలను మన దేశపు నవాబుల ఇళ్ళలో ‘ఘోరీ’ అన్నారు. విషం కలిసిన అన్నం పెడితే ఆ పళ్ళెం రంగు మారుతుందని, లేదా పగులుతుందని నాటివారి విశ్వాసం. పూతకు అటువంటి గుణమేదీ లేదు. అయినా భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ప్రాణభయంతో కూర్చునే ప్రభువులకు ఆ పళ్ళెం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

ఇటువంటి వస్తువులను మన ప్రాంతంలో విస్తారంగా సేకరించినవాడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అనగా మూడవ సాలార్‌జంగ్. 1889లో జన్మించిన ఆయన 1912లో, ఇరవై మూడేళ్ళ వయస్సులోనే నిజాం రాజ్యానికి దివాన్ అయ్యాడు. 1914లో ఆ పదవిని వదలుకున్నాడు. అటుపిమ్మట తన జీవితాన్ని, సంపదను సేకరణకే వెచ్చించాడు. ఆయన నివసించిన దివాన్ దేవిడీకి వర్తకులు నిత్యం వస్తూ పోతూ ఉండేవారు. ఆ భవన సముదాయంలో ‘చీనీఖానా’ అని ఒక భాగమే ఉండేది. పింగాణీ మీది మక్కువ ఆ ఇంటికి ఎంతటిదో ఆ పేరే చెబుతుంది.

పింగాణీకి తోడు ఆయన సేకరణలో వన్నె తెచ్చినది జేడ్. ఈ పేరుతో వ్యవహరించే శిలలు రెండు: నెఫ్రైట్, జేడైట్. మధ్య ఆసియాలోని ఖోటాన్ నదుల నుండి దొరికే నెఫ్రైట్‌ను చీనా శిల్పులు వేల ఏళ్ళుగా వాడారు. బర్మా జేడైట్ వారికి విరివిగా అందినది పద్దెనిమిదవ శతాబ్దం నుండి. ఈ రాతిని ఉలితో చెక్కలేరు. గట్టి ఇసుకవంటి పొడితో ఓపికగా అరగదీసి రూపం తేవలసిందే. ఒక్క గిన్నెకు నెలలు, ఏళ్ళు పట్టేవి. ఖోటాన్ రాతిని మొగలులు కూడా తెప్పించుకున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని నూర్జహాన్, జహంగీర్‌ల కత్తులు, షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాని ఉంగరం ఆ సంప్రదాయానికి చెందినవే. ఇక్కడొక వింత గమనింపదగినది. చీనా చక్రవర్తి చియాన్‌లాంగ్ పద్దెనిమిదవ శతాబ్దంలో భారతీయ శిల్పులు చెక్కిన జేడ్‌ను చూసి ముగ్ధుడై, దానిని సేకరించి, దానిపై కవితలు కూడా రచించాడు. గురువు శిష్యుని ముందు తలవంచిన అరుదైన ఘట్టమిది!

సేకరణ అనగానే ధనం ఉంటే చాలుననుకోవడం పొరపాటు. చీనా పాత్రల అడుగున రాజు పేరు, వంశం పేరు ఆరు అక్షరాలలో రాసి ఉంటాయి. అయితే పదిహేడవ శతాబ్దాంతంలో కాంగ్షీ చక్రవర్తి కాలపు కుమ్మరులు, తమకు రెండు వందల ఏళ్ళ నాటి చెంగ్‌హువా పేరును పూర్వులపై గౌరవంతోనే అనేక పాత్రలపై రాశారు. తరువాతి కాలంలో మోసానికై రాసినవారూ లేకపోలేదు. కనుక అక్షరాలను కాదు, అంచు లోపల పూత పడని పాదాన్ని, మట్టి రంగును, కుంచె నడకను చూడాలి. పాత్ర కాలాన్ని అంచనా వేయడానికి ఉష్ణదీప్తి అనే శాస్త్రీయ పరీక్ష కూడా ఉన్నది. అది మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పగలదు. శిలను ఎప్పుడు చెక్కారో మాత్రం చెప్పలేదు. జేడ్ అని చెప్పి మెత్తని బలపపు రాయిని అమ్మేవారున్నారు. దానిపై గోరుతోనే గీత పడుతుంది. నిజమైన జేడ్‌పై ఇనుప మేకుతో గీసినా పడదు. అనుమానం తీర్చుకోవడానికి పాత వస్తువులపై ఈ గీతలు గీయడం మాత్రం తగదు.

సాలార్‌జంగ్ అవివాహితుడు. 1949 మార్చి 2న ఆయన మరణించినప్పుడు ప్రత్యక్ష వారసులు లేరు. దాయాదుల మధ్య పంచుకుంటే ఆ నిధి ఇల్లిల్లూ చెదిరిపోయేదే. ఒక జత కూజాలలో ఒకటి ఒకచోటికి, మరొకటి ఇంకొకచోటికి పోతే వాటిని తిరిగి కలపడం ఎవరి తరమూ కాదు. ఆ ప్రమాదం తప్పింది. దివాన్ దేవిడీలోనే వస్తువులను అమర్చగా, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున కట్టిన నేటి భవనంలోకి సేకరణ తరలింది.

వందేళ్ళు దాటిన కళావస్తువులను అమ్మే వ్యాపారం చేయదలచినవారికి అనుమతిపత్రం ఉండాలని, వ్యక్తులెవరూ వాటిని దేశం దాటించరాదని శాసించే పురావస్తు చట్టం 1972లో రూపొంది, 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. చీనాలో తయారై, తరాల క్రితమే మన దేశానికి చేరిన పాత కూజాకు కూడా ఈ నిషేధం వర్తిస్తుంది.