ఆరడుగులు కొలత, మిగతాది లెక్క

ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో నాలుగు దశాబ్దాలు భౌతికశాస్త్రం బోధించిన పీటర్ గత్రీ టెయిట్‌కు గోల్ఫంటే పిచ్చి. సెలవులొస్తే సెయింట్ ఆండ్రూస్ మైదానంలోనే మకాం. చీకట్లో మెరిసే పూత పూసిన బంతులతో రాత్రిపూట కూడా ఆడి చూసిన మనిషి. ఆయన్ను ఏళ్ళ తరబడి వేధించిన ప్రశ్న ఒకటుంది. గురుత్వం లెక్కన ఎప్పుడో నేల మీద పడాల్సిన బంతి, మంచి ఆటగాడు కొడితే గాలిలో అంతసేపు ఎలా నిలుస్తోంది?

జవాబు బంతి తిరగడంలో ఉందని 1890ల్లో ఆయన తేల్చాడు. క్లబ్బు తగలగానే బంతి వెనక్కి తిరుగుతూ బయలుదేరుతుంది. తిరిగే బంతి తన చుట్టూ పోయే గాలిని కిందికి మళ్ళిస్తుంది, అందుకు బదులుగా గాలి దాన్ని పైకి ఎత్తుతుంది. అంతవరకూ బాగానే ఉంది. తిరుగుతోందనడానికి రుజువేమిటి? అంత వేగాన్ని పట్టే కెమెరాలు అప్పుడు అందుబాటులో లేవు. టెయిట్ ఒక పొడవాటి టేపు తీసుకుని, మెలికలు లేకుండా సాపు చేసి, ఒక కొస బంతికీ రెండో కొస నేలకూ బిగించాడు. గజమో రెండు గజాలో దూరంలో గట్టి బంకమన్ను దిమ్మె నిలబెట్టాడు. చేయి తిరిగిన ఆటగాణ్ణి పిలిచి బంతిని సూటిగా ఆ మన్నులోకి కొట్టించి, టేపులో పడ్డ మెలికలు లెక్కబెట్టాడు. ఆరడుగుల దూరంలో బంతి ఒకటి నుంచి మూడు చుట్లు తిరుగుతోంది. అంటే సెకనుకు సుమారు 40 నుంచి 120 చుట్లు.

నిమిషాల్లో చెప్పుకుంటే 2,400 నుంచి 7,200. ఇవాళ అమెరికా పీజీఏ టూర్ ఆటగాళ్ళ సగటు, దూరం కొట్టే క్లబ్బయిన డ్రైవర్‌తో దాదాపు 2,700, 7-ఐరన్‌తో దాదాపు 7,100 అని రాడార్లు చెబుతున్నాయి. అప్పటి బంతులు గట్టా పర్చా అనే చెట్టు పాలతో చేసినవి, క్లబ్బులూ వేరు. కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు. అయినా ఒక టేపుముక్కా కాస్త బంకమన్నూ ఇంత దగ్గరికి తెచ్చాయంటే ఆ ముసలాయనకు దండం పెట్టాల్సిందే.

ఆ ప్రయోగాన్ని ఇంకోసారి చూడండి. ఒక బంతి, కొద్ది అడుగుల్లో దానికో అడ్డు. ఆ కాస్త దూరంలో జరిగింది కొలవడం, ఆ తర్వాత రెండొందల గజాల్లో జరగబోయేది లెక్కగట్టడం. ఇప్పుడు ఇళ్ళలో పెట్టుకుంటున్న గోల్ఫ్ సిమ్యులేటర్ చేసే పని అచ్చంగా ఇదే. మన్ను దిమ్మె పోయి దళసరి పాలియెస్టర్ తెర వచ్చింది, టేపు పోయి రాడారో కెమెరానో వచ్చింది. దీనితో ఆట బాగుపడుతుందా అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: తెర మీద కనిపించే అంకెల్లో ఏది కొలత, ఏది లెక్క అన్నది తెలిస్తే బాగుపడుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పే కథ టెయిట్ ఇంట్లోనే ఉంది. ఆయన కొడుకు ఫ్రెడీ గొప్ప ఆటగాడు. 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. బంతి ఇంతకు మించి పోదని తండ్రి లెక్కవేసి చూపిస్తే, కొడుకు మైదానంలోకి వెళ్ళి ఆ హద్దు దాటించి వచ్చాడని గోల్ఫ్ లోకంలో ఒక కథ తిరుగుతూంటుంది. నాకైతే ఆ కథలో తండ్రి ఓడినట్టు కనిపించదు. తిరుగుడును వదిలేసిన పాత లెక్క ఓడింది, అంతే. ఫ్రెడీ 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో చనిపోయాడు. తండ్రి మరుసటేడు పోయాడు.

తర్వాతి అరవై డెబ్భై ఏళ్ళలో ఈ శాస్త్రం నిదానంగా పెరిగింది. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ 1910లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫ్ బంతి గతి మీద ఉపన్యాసమిచ్చాడు. 1938లో ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ మెరుపుదీపాల వెలుగులో గోల్ఫ్ ఆటగాడు డెన్స్‌మోర్ షూట్ స్వింగును ఒకే ఫొటోలో పదుల ముక్కలుగా బంధించాడు. బ్రిటన్‌లో అలస్టర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ కలిసి 1968లో తెచ్చిన 'ద సెర్చ్ ఫర్ ద పర్‌ఫెక్ట్ స్వింగ్' ఈ రంగానికి పెద్దబాలశిక్ష. క్లబ్బు, బంతి కలిసి ఉండేది సెకనులో రెండువేలో వంతు సేపే. ఆటగాడి మెదడుకు కబురు చేరేలోపే బంతి వెళ్ళిపోయి ఉంటుంది. కనుక దెబ్బ తగిలే క్షణంలో ఏం చేశామన్నది మనకు తెలుసుననుకోవడం భ్రమ. అది చెప్పడానికి ఒక యంత్రం కావాలి.

యంత్రాలు వచ్చాయి కానీ తొలినాటివి ఆటవస్తువులే. 1970ల నాటికే అమెరికాలో, స్లైడ్ ప్రొజెక్టర్‌తో మైదానం బొమ్మ తెర మీద వేసి బంతి కొట్టించే బూత్‌లు ఉన్నాయి. సెన్సర్లు వేగాన్నీ దిశనూ ఏదో విధంగా పట్టేవి. తిరుగుడు దగ్గరికొచ్చేసరికి చాలామటుకు ఊహే. గోల్ఫ్‌లో బంతి కుడికో ఎడమకో వంగిపోవడమే అసలు గోల గనక, ఆ ఊహ తప్పితే బొమ్మంతా తప్పే.

మలుపు తిప్పింది ఫిరంగిగుళ్ళ శాస్త్రం. డెన్మార్క్‌లో వైబెల్ అనే సంస్థ గుళ్ళ గమనాన్ని వెంటాడే డాప్లర్ రాడార్లు చేసేది. అక్కడ పనిచేసిన ఇంజనీరు ఫ్రెడ్రిక్ టుక్సెన్‌ను కలుపుకుని క్లాస్ ఎల్‌డ్రప్-యోర్గెన్‌సెన్, ఆయన సోదరుడు 2003లో ట్రాక్‌మ్యాన్ సంస్థ పెట్టారు. గుండును వెంటాడగలిగినది బంతిని వెంటాడలేదా అన్నది వాళ్ళ ఆలోచన. గేటు దగ్గర నిలబడ్డప్పుడు రైలు కూత దగ్గరికి వస్తుంటే సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. రాడార్ పంపిన తరంగం కూడా పారిపోతున్న బంతిని తాకి వెనక్కి వచ్చేటప్పుడు కాస్త బొంగురు పోతుంది. 24 గిగాహెర్ట్జ్ రాడార్ అనుకుంటే, గంటకు 167 మైళ్ళ వేగంతో పోయే బంతి నుంచి వచ్చే తేడా సుమారు 12 వేల హెర్ట్జ్. దాన్ని స్పీకర్‌కిస్తే చెవికి వినబడే స్థాయి.

ఆరుబయట ఈ రాడార్ రాజు. బంతి నేల తాకేదాకా చూస్తూనే ఉంటుంది. ఇంట్లో పెట్టినప్పుడే చిక్కు. పది పన్నెండడుగుల్లో తెర అడ్డొస్తే దానికి చూడ్డానికి మిగిలేది రెప్పపాటు కూడా కాదు. ఆ కాస్త సమయంలో బంతి ఎన్నిసార్లు తిరిగిందో పట్టడం కష్టం. అందుకే ఇంట్లో వాడేవాళ్ళు బంతి మీద చిన్న లోహపు చుక్క అంటిస్తారు. రాడార్‌కు గుర్తు దొరికేలా లోపలే ఏర్పాటున్న బంతులను వాటి తయారీ సంస్థ టైటిలిస్ట్ 2022లో అమ్మకానికి పెట్టింది.

కెమెరా దారి వేరు. అది బంతిని వెంటాడదు, బయలుదేరిన తొలి కొద్ది అంగుళాల్లోనే వెంటవెంటనే ఫొటోలు తీస్తుంది. సెకనులో వెయ్యోవంతులో డ్రైవర్ దెబ్బ తిన్న బంతి ఏడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది, 16 డిగ్రీల దాకా తిరుగుతుంది. 7-ఐరన్ దెబ్బకైతే 40 డిగ్రీలు దాటుతుంది. మొదటి ఫొటోలోని గుర్తు రెండో ఫొటోలో ఎక్కడికి జరిగిందో చూస్తే ఎంత వేగంగా తిరుగుతోందో, ఏ ఇరుసు మీద తిరుగుతోందో రెండూ తేలిపోతాయి. టెయిట్ టేపు చేసిన పనే, ఇంకాస్త నాజూకుగా. ఇంట్లో చోటు తక్కువున్నవాళ్ళకు కెమెరాయే మేలని నా మాట.

ఇదంతా ఒకవైపు జరుగుతుండగా, 2000లో దక్షిణ కొరియాలోని దేజోన్‌లో కిమ్ యంగ్-చాన్ సిమ్యులేటర్ల సంస్థ గోల్ఫ్‌జోన్ మొదలుపెట్టాడు. కొండలు ఎక్కువ, మైదానాలు తక్కువ, రుసుములు చుక్కల్లో. అలాంటి దేశంలో ఊరి మధ్య గదుల్లో స్నేహితులతో స్క్రీన్ గోల్ఫ్ ఆడటం సాయంత్రపు కాలక్షేపమైపోయింది. కాళ్ళ కింద పలకే వాలిపోయి గుట్ట మీద నిలబడ్డట్టు చేసే ఏర్పాటు వాళ్ళు ప్రచారంలోకి తెచ్చిందే.

ధరలు పడిపోవడంతో యంత్రం ఇంటికి చేరింది. ట్రాక్‌మ్యాన్ పెద్ద యంత్రం ఇప్పటికీ ఇరవై వేల డాలర్ల పైమాటే. గార్మిన్ 2021లో తెచ్చిన అరచేతి రాడార్ ఆర్10 ధర అప్పట్లో ఆరొందల డాలర్లు. మంచు కురిసే నెలల్లో మైదానాలు మూసేసే చికాగో, డెట్రాయిట్ వైపు మనవాళ్ళకు బేస్‌మెంట్ గుర్తొస్తుంది, కానీ చాలా బేస్‌మెంట్ల కప్పు డ్రైవర్ ఊపుకు అందేంత తక్కువ. ఆరడుగుల మనిషి నిశ్చింతగా ఊపాలంటే తొమ్మిది పది అడుగుల ఎత్తు కావాలి. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఎత్తు సరిపోయినా నడిమధ్యలో ఫ్యాను వేలాడుతూంటుంది. ముందు దాన్ని తీయించండి. తెర వెనక ఒక అడుగైనా ఖాళీ ఉంచండి, గోడను తాకిన బంతి తిరిగొచ్చేది మన మీదికే. బంతికీ తెరకూ మధ్య ఎనిమిది పది అడుగులు తప్పనిసరి.

ఇక ఆట. బంతి వేగం, పైకి లేచిన కోణం, పక్కకు మళ్ళిన కోణం, తిరుగుడు వేగం, తిరిగే ఇరుసు: ఈ అయిదూ కొలతలు, లేదా కొలతకు దగ్గరివి. బంతి గాలిలో ఎంత దూరం వెళ్ళిందన్నది, అంటే క్యారీ, లెక్క. పడ్డాక ఎంత దొర్లిందన్నది లెక్క మీద లెక్క. తెర మీది మైదానం తడిసి ఉందో ఎండి ఉందో సాఫ్ట్‌వేర్ రాసినవాడి దయ. కనుక 'మూడొందల గజాలు కొట్టాను' అని ఫోన్లో ఫొటో పంపేముందు ఎత్తు, ఉష్ణోగ్రత సెట్టింగులు చూసుకోవాలి. గోల్కొండ నయా ఖిల్లాలోని కోర్సు సముద్రమట్టానికి అయిదొందల మీటర్లకు పైన ఉంది, విశాఖలోని ఈస్ట్ పాయింట్ కోర్సు సముద్రం పక్కన. గోల్కొండలో గాలి సుమారు అయిదు శాతం పలచన. అదే దెబ్బకు అక్కడ కొన్ని గజాలు ఊరికే కలిసొస్తాయి.

కొలతలు చేసిన అతిపెద్ద మేలు ఒక పాత పాఠాన్ని తుడిచేయడం. క్లబ్బు ఊగిన దారిలో బంతి బయలుదేరి, క్లబ్బు ముఖం చూసిన వైపు వంగుతుందని తరాలుగా కోచ్‌లు చెప్పారు. నిజం తలకిందులు. బంతి బయలుదేరేది ప్రధానంగా ముఖం చూసిన వైపే, డ్రైవర్ విషయంలో 85 శాతం దాకా దాని మాటే చెల్లుతుంది. ప్రధానంగా ముఖానికీ దారికీ మధ్య ఉన్న తేడాయే బంతిని వంచుతుంది. బంతి పక్కకు వంగిపోయే స్లైస్‌తో వేగిపోతున్నవాడికి ఈ ఒక్క సంగతీ నెలల తిప్పలు తగ్గిస్తుంది. బంతి బయలుదేరిన కోణాన్ని చూసి ముఖాన్ని, వంగిన తీరు చూసి దారిని సరిదిద్దుకోవాలి.

అయితే ఇంట్లో బంతి పెట్టి కొట్టే మ్యాట్ అబద్ధమాడుతుంది. పచ్చిక మీద బంతి వెనక నేలను తాకితే క్లబ్బు మట్టిలో దిగబడి దెబ్బ చచ్చిపోతుంది. మ్యాట్ మీద అదే తప్పు జారిపోయి, తెర మీద చక్కటి షాట్‌గా కనబడుతుంది. యంత్రం కొలిచింది నిజమే, కొలవనిది ఆ తప్పు. దీనికి మందు చవకైనది: బంతి వెనక కాస్త ఎడంగా మడిచిన తువ్వాలు పెట్టండి, తగిలితే తప్పు చేసినట్టే. మ్యాట్ గట్టిదైతే మోచేతులు, మణికట్లు కూడా ఫిర్యాదు చేస్తాయి.

ఇంకో చిక్కు యంత్రంలో లేదు, మన నేర్పులో ఉంది. ప్రతి దెబ్బకూ వెంటనే ఫలితం చూపిస్తే సాధనలో మనిషి బాగా చేస్తాడు, ఆ ఊతం తీసేశాక జారిపోతాడు అని 1984లో సాల్మోని, ష్మిత్, వాల్టర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టి వాదించారు. అంతకుముందు 1979లో షే, మోర్గన్ చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. టెన్నిస్ బంతి చేతబట్టి చెక్క పలకలను ఒక వరసలో పడగొట్టాలి. అలాంటి వరసలు మూడు. ఒక్కోదాన్ని పూర్తిగా చేసి మరోదానికి వెళ్ళినవాళ్ళు సాధనలో ముందున్నారు. పది రోజుల తర్వాత పరీక్షిస్తే, మూడింటినీ కలగలిపి చేసినవాళ్ళు గెలిచారు. ఇంట్లో 7-ఐరన్‌తో వరసగా యాభై కొట్టి మురిసిపోవడం మొదటి గుంపు పని. దానికంటే ఒక్కో బంతికీ క్లబ్బు మార్చండి, గురి మార్చండి. అంకెలున్న తెరను కొంతసేపు ఆపేసి, బంతి ఎలా పోయి ఉంటుందో ముందు మీరే చెప్పి, అప్పుడు చూడండి. యంత్రంతో పందెం కాసినట్టుంటుంది, నేర్పూ నిలుస్తుంది.

రికార్డు పుస్తకంలో రాసుకోవాల్సింది కూడా అతి దూరం పోయిన దెబ్బను కాదు, ఒక్కో క్లబ్బుతో ఎక్కువసార్లు వచ్చే క్యారీని. చాలామంది బంతి గ్రీన్‌కు, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చికకు, ముందరే పడిపోతుంది, ఎందుకంటే తమ 7-ఐరన్ దూరంగా గుర్తుంచుకున్నది ఏడాదికొకసారి కుదిరిన దెబ్బ. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్క్ బ్రాడీ లక్షల షాట్లను విశ్లేషించి, ఆటగాళ్ళ మధ్య స్కోరు తేడాలో మూడింట రెండొంతులు వంద గజాల అవతలి షాట్ల నుంచే వస్తుందని చూపించాడు. ఇంటి సిమ్యులేటర్ బాగా కొలవగలిగేదీ ఆ షాట్లనే. ఇది వాడుకునేవాడి అదృష్టం.

బంతిని రంధ్రంలోకి దొర్లించే పటింగ్ మాత్రం సిమ్యులేటర్‌కు చేతకాదు. నెమ్మదిగా దొర్లే బంతిని పట్టినా, గ్రీన్ వాలును కాళ్ళకు తెలియజేయలేదు. టైగర్ వుడ్స్, రోరీ మెకిల్‌రాయ్ పూనికతో 2025 జనవరిలో ఫ్లోరిడాలో మొదలైన టీజీఎల్ పోటీల్లో బ్రహ్మాండమైన తెర ఉంది. ఆటగాళ్ళు నిజమైన పచ్చిక మీద నుంచి దానిలోకి కొడతారు. గురి యాభై గజాల్లోకి వచ్చేసరికి తెర పని అయిపోతుంది. అక్కడినుంచి అందరూ నడుచుకుంటూ పక్కనున్న గ్రీన్ దగ్గరికి వెళ్ళి, అసలు ఇసుకలోంచి బంతి లేపి, అసలు రంధ్రంలో వేస్తారు.