అరువు గొడ్డలి – అద్దె జేసీబీ

ప్రవక్తల శిష్యులు కాపురమున్న చోటు ఇరుకైపోయింది. వారు ఎలీషాను అడిగి, ఆయనను వెంటబెట్టుకొని యొర్దాను ఒడ్డుకు వెళ్లి, ఇల్లు కట్టుకోవడానికి మ్రానులు నరకసాగారు. అంతలో ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. అతడు పెట్టిన కేకను గమనించండి. పని ఆగిపోయిందని కాదు, అది తనది కాదని, అరువు తెచ్చినదని అతని దుఃఖం. రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయంలోని ఈ సంగతిని మనం ఎక్కువగా అద్భుతకార్యంగానే చదువుతాం. ఇనుము తేలింది, దేవునికి స్తోత్రం అని ముగిస్తాం. కాని స్థలాలు చదును చేసే పని మీద బ్రతికే కుటుంబాలకు ఇందులో మరొక పాఠం ఉంది.

మన అమీర్‌పేట, పంజాగుట్టల కథ కూడా ఇరుకు కథే. ఒకప్పుడు ప్రహరీగోడ, వేపచెట్టు, మామిడిచెట్టు ఉన్న ఇళ్లు ఎన్నో నేలమట్టమై వాటి చోట అపార్టుమెంట్లు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు లేచాయి. 2017 నవంబరులో మియాపూర్ నుండి అమీర్‌పేట మీదుగా నాగోలు వరకు 30 కిలోమీటర్ల మెట్రో రైలు మొదలైంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి పంజాగుట్ట మీదుగా ఎల్.బి.నగర్ వరకు మరో 16 కిలోమీటర్లు కలిసింది. ఏ కట్టడం లేవాలన్నా ముందు వచ్చేది జేసీబీ, ప్రొక్లెయిన్, టిప్పర్. భవనం పూర్తయ్యాక శిలాఫలకం మీద ఎవరెవరి పేర్లో ఉంటాయి గాని, ఆ నేలను సిద్ధం చేసినవాని పేరు ఉండదు.

జేసీబీ అనేది నిజానికి ఒక మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లాండు దేశస్థుడు 1945లో ఒక చిన్న గ్యారేజీలో కంపెనీ ప్రారంభించాడు. అతని పేరులోని తొలి అక్షరాలే ఆ మూడూ. 1979 నుండి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఈ యంత్రాలు మన దేశంలోనే తయారవుతున్నాయి. ఇప్పుడు ఏ కంపెనీ బండి వచ్చినా మనవాళ్లకు అది జేసీబీయే. ఇది రాకముందు ఈ పని వడ్డెరవారి సమ్మెటతోను, పాలమూరు కూలీల పారతోను జరిగేది. తట్ట మోసిన వారి పిల్లల్లో కొందరు నేడు స్టీరింగు పట్టుకోవడం సంతోషమే. అయితే పారకు లేని బలం ఈ యంత్రానికి ఉంది. బలం ఎంత పెరిగితే లెక్క అంత పెరుగుతుంది.

కిస్తీ ఆగదు

జేసీబీ ధర ముప్పై లక్షలు దాటింది. దాన్ని రొక్కమిచ్చి కొనేవారు అరుదు. ఫైనాన్సు తీసుకుంటారు, ఇల్లు తాకట్టు పెడతారు, భార్య మెడలోని బంగారం బ్యాంకుకు చేరుతుంది. యంత్రానికి గంటల మీటరు ఉంటుంది. అది తిరిగితేనే డబ్బు. వాన పడినా, బిల్లు రాకపోయినా, పంపు చెడినా మీటరు ఆగుతుంది గాని నెలసరి కిస్తీ ఆగదు.

తప్పుడు నిర్ణయాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. కాగితం చూడకుండా స్థలంలో దిగడం, రాత్రి చేసినవాణ్ణే మళ్లీ పగలు ఎక్కించడం, ఆదివారం ఆరాధన మానడం, ఇవన్నీ కిస్తీ తరుముతుంటే జరిగేవే. అందుకే యేసుప్రభువు గోపురం కట్టేవాని ఉపమానంలో (లూకా 14వ అధ్యాయం) ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని బోధించాడు. నెలకు ఇరవై ఆరు రోజులు పని దొరుకుతుందని లెక్క వేయకండి. సగం రోజులే దొరికితే కిస్తీ కట్టగలమా అని భార్యాభర్తలు కలిసి చూసుకొని, ఆ తరువాత సంతకం చేయండి. నష్టం వస్తే దాచకండి. అది ఎక్కడ పడిందని ఎలీషా మొదట అడిగాడు. ఆ శిష్యుడు చోటు చూపించాడు. చోటు చూపించినప్పుడే సహాయానికి దారి ఏర్పడింది.

పొడిచే ఎద్దు

ధర్మశాస్త్రం పనిముట్ల ప్రమాదాలను ఎరుగును. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో పొరుగువానితో కలిసి అడవికి కట్టెలకు వెళ్లినవాని గొడ్డలి పిడి నుండి జారి తోటివాని ప్రాణం తీస్తుంది. పగ లేని ఆ మనిషికి ఆశ్రయపురం ఉంది. కాని నిర్గమకాండము 21వ అధ్యాయంలో మరొక సంగతి చూస్తాం. ఎద్దు పొడుస్తుందని ముందే తెలిసి, హెచ్చరిక విని కూడా యజమాని దాన్ని కట్టివేయకపోతే, ఆ ప్రాణానికి అతడే జవాబుదారి.

బ్రేకు సరిగా పట్టడం లేదని, వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారన్ పనిచేయడం లేదని, హైడ్రాలిక్ గొట్టం ఉబ్బిందని ఆపరేటరు పదిసార్లు చెప్పిన తరువాత జరిగేది ప్రమాదం కాదు. అది పొడిచే ఎద్దు. ఏడున్నర టన్నుల బండి వెనక్కి వస్తున్నప్పుడు క్యాబిన్‌లో ఉన్నవానికి వెనుక వంగి పనిచేసే హెల్పరు కనబడడు. అతడు చాలాసార్లు పద్దెనిమిది నిండిన పల్లెటూరి కుర్రవాడు. చెయ్యి ఊపి ఆపరేటరుకు కనబడితేనే దగ్గరకు రావాలని మొదటిరోజే నేర్పాలి.

ఇంకొక అపాయం కరెంటు. ఈ ప్రాంతపు రోడ్ల కింద నీటి పైపులు, మురుగు లైన్లు, కరెంటు కేబుళ్లు పెనవేసుకొని ఉన్నాయి. పైన తీగలు వేలాడుతుంటాయి. టిప్పర్ తొట్టి లేపినా తగలవచ్చు. బకెట్ తీగకు తగిలితే ఆపరేటరు కిందికి దిగరాదు. క్యాబిన్‌లోనే కూర్చొని, ఎవరినీ దగ్గరకు రానీయక, కరెంటు ఆపేవరకు వేచి ఉండాలి. మంటలు లేచి దిగక తప్పకపోతే, ఒకేసారి బండినీ నేలనూ తాకకుండా, రెండు పాదాలు కలిపి దూరంగా దూకాలి. ఈ నాలుగు మాటలు తెలియక పోయిన ప్రాణాలున్నాయి.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలున్నందున మట్టి తోలకం ఎక్కువగా రాత్రిళ్లే సాగుతుంది. సొలొమోను లెబానోనుకు మ్రాను కొట్టడానికి 30,000 మందిని పంపినప్పుడు, అది వెట్టిపనే అయినా, వంతుల చొప్పున ఒక నెల అడవిలో, రెండు నెలలు ఇంటివద్ద ఉండనిచ్చాడు. జీతమిచ్చి పని చేయించుకునే మనం ఒక రాత్రి నిద్ర కూడా ఇవ్వలేమా?

కప్పని గొయ్యి

అదే నిర్గమకాండము 21వ అధ్యాయంలో, గొయ్యి తవ్వి కప్పకుండా వదిలినవాడు అందులో పడిన ఎద్దుకైనా గాడిదకైనా నష్టం కట్టాలని ఉంది. పశువుకే అంత లెక్క ఉంటే మనిషికి ఎంత!

పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. పైమట్టి తీస్తే చాలాచోట్ల గ్రానైటు రాయి తగులుతుంది. ఇళ్ల మధ్య మందుగుండు పెట్టడం అపాయం గనుక ప్రొక్లెయిన్‌కు బ్రేకర్ తగిలించి కొడతారు. ఆ అదురుకు పక్కింటి గోడ బీటలు వారవచ్చు. పని మొదలుపెట్టే ముందే ఆ ఇంటివారిని పలకరించి, గోడల ఫోటోలు తీసి పెట్టుకోవడం పొరుగువారిని ప్రేమించడంలో భాగమే.

సెల్లార్ గోతుల్లో చావు మట్టి రూపంలో వస్తుంది. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైగా తూగుతుంది. ఛాతీ వరకు కూరుకుపోయినవానికి ఊపిరి ఆడదు. కాబట్టి తవ్విన మట్టిని గట్టు అంచున కుప్ప పోయరాదు. అంచును ఏటవాలుగా కోయాలి, లేదా దన్ను పెట్టాలి. వాన కురిసిన మరునాడు ఎవరినీ గోతిలోకి దింపరాదు. వర్షాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపాలని జి.హెచ్.ఎం.సి. ఆదేశాలు ఇస్తూ వచ్చింది ఇందుకే. “ఏం కాదులే అన్నా, ఒక్క బకెట్టే గదా” అని మేస్త్రీ అంటాడు. ఆ ఒక్క బకెట్టు దగ్గరే ఆగగలవాడు దైవభయం గల ఆపరేటరు. 2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్ కొంతభాగం కూలి ప్రాణాలు పోయినప్పుడు, దారిన పోయేవారు కూడా నిర్మాణపు పనిలో భాగస్థులేనని ఈ పేటలవారికి తెలిసింది.

చెట్టుకూ ఒక హద్దు

పట్టణాన్ని ముట్టడి వేసినప్పుడు కూడా ఫలవృక్షాలను నరకరాదని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. యుద్ధానికే హద్దు పెట్టిన దేవుడు కాంట్రాక్టుకు పెట్టడా?

మన రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. వాల్టా అని పిలిచే ఈ చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టు కొట్టడానికీ అనుమతి కావాలి. “ఓనరు చెప్పాడు, కొట్టాను” అంటే చెల్లదు. కాగితం చూపించమని అడగడం ఆపరేటరు హక్కు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి విషయమై పదుల కొద్దీ యంత్రాలు దిగి, రాత్రింబగళ్లు పనిచేశాయి. దాదాపు 100 ఎకరాల పచ్చదనం పోయింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమని ఆదేశించింది. అయితే పడిన చెట్లను ఏ తీర్పూ లేపలేదు. యంత్రం వేగం అటువంటిది. అందుకే ప్రశ్న ముందే అడగాలి.

కొట్టక తప్పని చోట మార్పిడి ఉంది. మెట్రో పనుల్లో వందలాది చెట్లను వేళ్లతో తరలించారు. చుట్టూ కందకం తవ్వి, వేరుముద్దను గోనెతో కట్టి, కొమ్మలు కోసి, క్రేనుతో ఎత్తి, కొత్తచోట నాటి నెలల తరబడి నీళ్లు పోయాలి. ఉంచదలచిన చెట్టు విషయంలోనూ జాగ్రత్త కావాలి. నీరు తాగే వేళ్లు ఎక్కువభాగం పై రెండు మూడు అడుగుల్లోనే ఉంటాయి. బండి వాటిమీద పదేపదే తిరిగితే నేల గట్టిపడి, చెట్టు కొన్ని నెలలకు నిలువునా ఎండుతుంది. కొమ్మల నీడ పడినంత మేర తాడు కట్టి, లోపలికి యంత్రం పోకుండా చూడండి. ఖర్చు ఒక తాడు మాత్రమే.

మన సంఘాల్లో ఉపాధ్యాయుల కోసం, నర్సుల కోసం ప్రార్థిస్తాం. ఆపరేటర్ల కోసం, హెల్పర్ల కోసం ప్రార్థించడం ఎన్నడైనా విన్నారా? చర్చికి కొత్త స్థలం చదును చేసే రోజున పాస్టరుగారు ఆ క్యాబిన్ దగ్గరకు వెళ్లి ప్రార్థన చేయవచ్చు. వారికి నీళ్లు, భోజనం పెట్టవచ్చు. అనుమతి కాగితం మన సంఘమే ముందు చూపించవచ్చు.

ప్రియ సహోదరులారా, తాళంచెవి తిప్పేముందు మూడు ప్రశ్నలు అడగండి. కాగితం ఉందా? ఈ నేల కింద ఏముంది? నా చుట్టూ ఎవరున్నారు? ఈ భూమియే మనకు అరువుగా దొరికినది. దీన్ని అప్పగించినవాడు లెక్క అడుగుతాడు. మీ చేతిపనిని, సాయంత్రం మీ కోసం గుమ్మంలో ఎదురుచూసే మీ బిడ్డలను ప్రభువు కాపాడి దీవించును గాక. ఆమేన్.