మంచు మూసిన ఊళ్లో పరదేశి

పరాయి ఊళ్లో వేసవి గడపడం కష్టమేమీ కాదు. చేతిలో నాలుగు డబ్బులుంటే అద్దెకు గది దొరుకుతుంది. అంగడి తెరిచే ఉంటుంది. ఊరు నచ్చకపోతే మరునాడు మూట సర్దుకుని వెళ్లిపోవచ్చు. చలికాలం సంగతి అలా కాదు. ముఖ్యంగా హిమాలయాల నడుమ ఉండే పల్లెల్లో శరదృతువు వెళ్లాక కనుమ మీద మంచు పడిందంటే మళ్లీ వేసవి వచ్చేదాకా దారి ఉండదు. అప్పుడు జేబులో ఉన్న రూపాయికి విలువ లేదు. కొట్లో ఉన్న గింజకు, కొప్పుగా పేర్చిన పిడకకు, పక్కింటివాడి మంచితనానికే విలువ.

మనకు చలి అంటే పుష్యమాసంలో నాలుగు వారాలు. ఆదిలాబాద్ అడవుల్లోనో, విశాఖ మన్యంలో లంబసింగిలోనో వణుకు పుట్టినా పొద్దెక్కితే ఎండ కాస్తుంది. నెలల తరబడి గడప దాటలేని చలి మన అనుభవంలో లేదు. అలాంటి చలిలోకి తెలిసి తెలిసి నడిచి వెళ్లి, రెండు వందల ఏళ్ల క్రితం ఒక పల్లెలో పదహారు నెలలు గడిపిన పరదేశి ఒకరున్నారు. ఆయన వెళ్లింది వ్యాపారానికి కాదు, వేటకు కాదు. ఒక భాష నేర్చుకోవడానికి.

సికందర్ బేగ్ ఎవరు?

ఆయన అసలు పేరు చోమా షాండోర్. ఇంగ్లీషు పుస్తకాల్లో అలెగ్జాండర్ చోమా డి కోరోస్ అని రాస్తారు. 1784లో ట్రాన్సిల్వేనియాలోని కోరోస్ అనే పల్లెలో ఒక పేద హంగేరియన్ కుటుంబంలో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు రుమేనియాలో ఉంది. తమ జాతి పూర్వీకులు మధ్య ఆసియా నుంచి వచ్చారన్న నమ్మకంతో, ఆ మూలాలు వెదకాలని 1819 చివర ఇల్లు విడిచారు. అలెప్పో, మోసుల్, బాగ్దాద్, టెహ్రాన్, బుఖారా, కాబూల్, లాహోర్ మీదుగా కాశ్మీరు చేరారు. షాండోర్ అన్నా, అలెగ్జాండర్ అన్నా, మన సికందర్ అన్నా ఒకే పేరు. అందుకే ఈ దారుల్లో ఆయన సికందర్ బేగ్ అయ్యారు. ఆయన ప్రశ్నలకు లామాలు రాసి ఇచ్చిన జవాబుల పుస్తకాల్లో కూడా ‘రూమ్ దేశపు సికందర్ బేగ్’ అనే ఉంది. ఆ రాతప్రతులు నేటికీ హంగేరీలో భద్రంగా ఉన్నాయి.

1822లో లేహ్ చేరి, అక్కడి నుంచి యార్కండ్ వెళ్లాలనుకున్నారు. దారి ప్రమాదకరమని, ఖర్చు ఎక్కువని తెలిసి వెనుదిరిగారు. జూలైలో ద్రాస్ సమీపాన విలియం మూర్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు కలిశారు. టిబెటన్ భాష నేర్చుకోమని ఆయనే ప్రోత్సహించారు. లదాఖ్‌లో టిబెటన్, ఫారసీ రెండూ తెలిసిన ఒక వ్యక్తి సాయంతో చోమా తొలి పాఠాలు చదివారు. ఫారసీ ఆ రోజుల్లో ఎన్ని తలుపులు తెరిచేదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కాశ్మీరు చిల్లా

ఆ ఏటి చలికాలం చోమా మూర్‌క్రాఫ్ట్‌తో కలిసి శ్రీనగర్‌లో గడిపారు. కాశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలు చేసి లెక్కిస్తారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లా-ఎ-కలాన్, తరువాత ఇరవై రోజులు చిల్లా-ఎ-ఖుర్ద్, ఆఖరు పది రోజులు చిల్లా-ఎ-బచ్చా. అంటే పెద్ద చిల్లా, చిన్న చిల్లా, పిల్ల చిల్లా. చిల్లా అనే మాట మన ఇళ్లలోనూ ఉంది. బాలింత గడప దాటకుండా ఉండే నలభై రోజులను మనం చిల్లా అనే అంటాం. కాశ్మీరులో ఊరంతటికీ చిల్లా అన్నమాట.

దాని ఏర్పాట్లు ఎండాకాలంలోనే మొదలవుతాయి. వంకాయలు, సొరకాయలు చీల్చి దండలు గుచ్చి ఎండబెడతారు. చేపలు ఎండబెడతారు. శరత్కాలంలో రాలిన చినార్ ఆకులు పోగుచేసి కాల్చి బొగ్గు చేస్తారు. ఆ నిప్పును కాంగ్డీలో వేసుకుంటారు. కాంగ్డీ అంటే చుట్టూ వెదురుబుట్టలాంటి అల్లిక ఉన్న మట్టికుండ. వదులుగా ఉండే ఫేరన్ అంగీ లోపల దాన్ని పట్టుకుని తిరుగుతారు.

జంగ్లాలో పిడకల లెక్క

1823 జూన్ 20న చోమా జంస్కార్ లోయలోని జంగ్లా గ్రామం చేరారు. సముద్రమట్టానికి సుమారు మూడున్నర వేల మీటర్ల ఎత్తు. సాంగ్యే ఫుంత్సోగ్ అనే లామా ఆయనకు ఉస్తాద్. వైద్యం కూడా తెలిసిన పండితుడు.

కాశ్మీరులో చెట్లున్నాయి, బొగ్గుంది. జంస్కార్‌లో కొండలన్నీ బోడి. వంటచెరకు అంటే పశువుల పేడే. వేసవిలో పచ్చిక మైదానాలకు జడలబర్రెలను తోలుకువెళ్లిన ఆడవాళ్లు పాలు, వెన్నతో పాటు పేడ కూడా ఎండబెట్టి బుట్టలకెత్తుకుని దిగివస్తారు. పంట ఏడాదికి ఒక్కటే, ముఖ్యంగా యవలు. కోత కాగానే గింజలు వేయించి, కాలువ గడ్డకట్టకముందే నీటి తిరగలిలో పిండి పట్టిస్తారు. మన పేలపిండిలాంటి ఆ పిండే చలికాలమంతా తిండి. ముల్లంగి, టర్నిప్ దుంపలను గోతిలో పూడ్చి దాస్తారు. పశువుల మేతను మిద్దెల మీద వామివేస్తారు. పశువులను ఇంటి కింది అంతస్తులో కట్టేస్తే వాటి ఒంటి వేడి కొంత పైకి వస్తుంది. మనుషులు చిన్న కిటికీలున్న ఒక్క వంటగదిలోకి చేరతారు. నీళ్లు కావాలంటే మంచు కరిగించాలి, దానికీ పిడకే కావాలి.

ఇంత లెక్కగా బతికే ఊళ్లోకి ఒక పరదేశి వచ్చాడంటే అర్థం ఏమిటి? వేసవిలో ఆయన ఒక్క బుట్ట పేడ మోయలేదు, ఒక్క పనకోయలేదు. అయినా ఊరు తన కొట్లోంచి ఆయనకు పిండి, టీ, వెన్న ఇవ్వాలి. అతిథి తినే ప్రతి పిడికెడు పిండీ ఎవరో వేసవిలో వంగి కోసినదే.

తొమ్మిది అడుగుల గది

చోమాను తరువాత కలుసుకున్న డాక్టర్ జెరార్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1829లో రాసిన లేఖ వల్ల ఆ చలికాలం సంగతి మనకు తెలిసింది. తొమ్మిది అడుగుల చదరపు గదిలో చోమా, లామా, ఒక నౌకరు మూడు నాలుగు నెలలు ఉన్నారు. బయట నేలంతా మంచు. ఫారన్‌హీట్ కొలతలో సున్నాకు దిగువ చలి, అంటే సెల్సియస్ లెక్కన మైనస్ 18 కన్నా తక్కువ. గదిలో నిప్పు లేదు. పొద్దుగుంకితే దీపం లేదు. పడుకోవడానికి వట్టి నేల. గొర్రెతోలు అంగీ చుట్టుకుని, చేతులు కట్టుకుని, ఉదయం నుంచి సాయంత్రం వరకు చదివేవారు. పేజీ తిప్పడానికి ఉన్నిలోంచి చెయ్యి బయటికి తీయడమే ఒక శిక్షలా ఉండేదట. ఆ స్థితిలోనే నలభై వేల మాటలు సేకరించి వరుసపెట్టారని జెరార్డ్ రాశారు.

చోమా చేసుకున్న ఏర్పాటు చూడండి. ఒక తోలు అంగీ, ఒక ఉస్తాద్, చదవవలసిన గ్రంథాలు. మిగతాదంతా ఊళ్లో దొరికినదే. ఊరివాళ్లు ఆ చీకటి నెలల్లో ఉన్ని వడుకుతారు, కథలు చెప్పుకుంటారు. ఈయన ఆ నెలలను చదువుకు కేటాయించారు. దారులు మూసుకుపోవడం వల్ల ఉస్తాద్ ఎక్కడికీ పోలేదు, శిష్యుడూ పోలేదు.

కనుమ ఎవరి కోసమూ ఆగదు

మరుసటి ఏడు ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. 1824 చలికాలం కులూ ప్రాంతంలో కలిసి చదువుకుందామని గురుశిష్యులు అనుకున్నారు. అక్టోబరులో చోమా ముందుగా కొండ దిగారు. లామా రాలేదు. ఇంతలో మంచు పడి కనుమ మూసుకుపోయింది. వేసవి దాకా ఆయన వస్తాడన్న ఆశ లేదు. చోమా ఒంటరిగా సుబాథూ చేరారు. అక్కడి ఇంగ్లీషు అధికారులు అనుమానించి, నువ్వెవరు, ఎందుకు వచ్చావని సంజాయిషీ అడిగారు. ఆయన రాసిచ్చిన లేఖల వల్లే ఈ ప్రయాణపు వివరాలు నేడు మనకు దక్కాయి.

1827 నుంచి ఆయన కిన్నౌర్‌లోని కానం గ్రామంలో చలికాలాలు గడిపారు. ప్రభుత్వం నెలకు యాభై రూపాయలు ఇచ్చేది. అందులో ఇరవై అయిదు లామాకు. నాలుగు రూపాయలు నౌకరుకు. ఒక రూపాయి ఇంటి అద్దె. మిగిలిన ఇరవై లోపే తన తిండి, బట్ట. జీతంలో సగం గురువుకు ఇచ్చిన విద్యార్థి! పాఠాలు చెప్పి బతికే మాలాంటి వాళ్లకు ఈ లెక్క కన్ను చెమర్చేలా చేస్తుంది. ఆ కష్టానికి ఫలితంగా 1834లో కలకత్తాలో టిబెటన్–ఇంగ్లీషు నిఘంటువు, వ్యాకరణం అచ్చయ్యాయి. 1842లో లాసాకు బయలుదేరి, దారిలో జ్వరం తగిలి డార్జిలింగ్‌లో కన్నుమూశారు. చలి చంపలేని మనిషిని తరాయి అడవుల జ్వరం తీసుకుపోయింది.

నేడు వెళ్లేవారికి

ఇప్పుడు జంస్కార్‌కు కార్గిల్ నుంచి పెన్సీ కనుమ మీదుగా రోడ్డుంది. 2024లో నిమ్ము–పదుం–దార్చా రోడ్డు కూడా కలిసింది. పదుంలో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబాలు, మసీదు ఉన్నాయి. అయినా టీచరుగానో డాక్టరుగానో, పరిశోధకులుగానో అలాంటి పల్లెకు వెళ్లేవారికి పాత నియమాలే వర్తిస్తాయి. మంచుతో పాటు వెళ్లకండి, కోతల వేళకు వెళ్లండి. పొలంలో ఒక చెయ్యి వేయండి. గింజ, వంటచెరకు, మందులు ముందే సమకూర్చుకోండి. పెద్ద గది ఆశించకండి, దక్షిణపు ఎండ పడే చిన్న గది అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పక్కన నిద్రపోకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. ఈ మాట చలిమంట పెట్టుకునే మన ఇళ్లకూ వర్తిస్తుంది.

చోమా ఉన్న జంగ్లా కోటను ఇటీవలి సంవత్సరాల్లో హంగేరీ స్వచ్ఛంద సేవకులు బాగుచేశారు. అదే ఊళ్లో సూర్యరశ్మితోనే వెచ్చబడే బడి కట్టారు. నిప్పు లేని గదిలో తమవాడు చదువుకున్న ఊరి పిల్లలు చలికి వణక్కుండా చదువుకోవాలని. రెండు వందల ఏళ్ల కింద తిన్న పిండికి ఇది బదులు తీర్చుకోవడం.

జంస్కార్ రైతులు శరత్కాలంలో పిడకలు, గింజలతో పాటు కొంత పొడి మట్టిని కూడా ఇంట్లో దాస్తారు. వసంతంలో పొలం మీది మంచుపై దాన్ని చల్లితే, నల్లని మట్టి ఎండను పట్టి మంచు తొందరగా కరుగుతుంది, విత్తు వేళకు పడుతుంది. చలి రాకముందే చలి పోయే రోజుకూ ఏర్పాటు చేసుకోవడం వాళ్లకు తెలుసు. కష్టకాలం వస్తుందని తెలిసినప్పుడు మనం కూడా ఇంట్లో గింజ ఒక్కటే చూసుకోకుండా, ఆ తలుపులు మూసిన రోజుల్లో ఏం నేర్చుకోవాలో, గడ్డు రోజులు దాటాక ఎవరి రుణం ఎలా తీర్చాలో ముందే ఆలోచించి పెట్టుకుంటే మేలు.