చుట్టూ చూడమంటే మరిచిపొమ్మని కాదు: అపోహలు – వాస్తవాలు

కంటికి కనిపించే ఐదు వస్తువులు, ఒంటికి తగిలే నాలుగు, చెవిన పడే మూడు శబ్దాలు, ముక్కుకు తెలిసే రెండు వాసనలు, నాలుక మీద ఒక రుచి. గుండె దడదడలాడుతున్నప్పుడో, ఏడుపు గొంతుకు అడ్డం పడినప్పుడో, ఇంటర్వ్యూ గది బయట అరచేతులకు చెమటలు పడుతున్నప్పుడో ఇలా వరసగా గమనించమని కౌన్సెలర్లు చెబుతారు. దీన్ని గ్రౌండింగ్ అంటారు. కౌన్సెలింగ్ గదుల్లో నేర్పే ఈ పద్ధతి ఇప్పుడు రీల్స్ పుణ్యమా అని అందరి దాకా వచ్చింది. రావడం మంచిదే. కాకపోతే ముప్ఫై సెకన్ల వీడియోలో చెప్పేది సగం, ఇచ్చే హామీ రెండింతలు. నమ్మి చేసి చూసినవాళ్లలో కొందరు "నాకేం పనిచేయలేదు" అని వదిలేస్తున్నారు. దీని నుంచి ఏం ఆశించాలో వాళ్లకెవరూ సరిగ్గా చెప్పలేదని నా అనుమానం.

అపోహ: "మనసు మళ్లించుకోవడమే కదా! ఫోన్ చూసుకున్నా అంతే"

పైకి చూస్తే పోలిక ఉన్న మాట నిజమే. రెండింటిలోనూ బాధ మీదున్న చూపు మరోవైపు తిరుగుతుంది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒత్తిడిని తట్టుకోవడం మీద బొమ్మలతో ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అందులో నేర్పే ఐదు నైపుణ్యాల్లో మొదటిది గ్రౌండింగే. కానీ చుట్టూ చూడమనే మాట అక్కడ చివరలో వస్తుంది. ముందుగా చేయమనేది లోపల ఏం జరుగుతోందో గుర్తుపట్టడం. "నాకిప్పుడు భయంగా ఉంది, పిల్లాడి ఫీజు గురించే ఆలోచిస్తున్నాను" అని తనకు తాను చెప్పుకోవాలి. తర్వాత ఊపిరి నెమ్మది చేసుకుని, పాదాలు నేలకు గట్టిగా ఆనించాలి. ఆ తర్వాతే కళ్లకు, చెవులకు పని. అప్పుడు కూడా భయం పోయిందని నటించమని ఎవరూ అడగరు. భయం ఉంది, ఈ గదీ ఉంది, కిటికీ అవతల ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అన్నీ ఒకేసారి ఉన్నాయి.

ఈ పుస్తకం వెనకున్న శిక్షణను ఉగాండాలోని ఒక శరణార్థి స్థావరంలో దాదాపు 700 మంది దక్షిణ సూడాన్ మహిళలతో పరీక్షించారు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు జరిగిందంతా మరిచిపొమ్మని ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? వాళ్లు గుంపులుగా కూర్చుని, రికార్డు చేసిన పాఠాలు వింటూ ఐదు వారాలు నేర్చుకున్నారు. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు సాయం మాత్రమే అందినవాళ్ల కంటే వీళ్లలో మానసిక వేదన తక్కువగా ఉంది. ఆ శిక్షణలో గ్రౌండింగ్ ఒక భాగమే కాబట్టి ఫలితాన్నంతా దీని ఖాతాలో వేసేయకూడదు. రీల్స్ చేసేవాళ్లు ఎగ్గొట్టే వాక్యం సరిగ్గా ఇదే.

మన ఇళ్లలో ఏడుస్తున్న మనిషికి అందరికంటే ముందు అందే సలహా "అదే ఆలోచిస్తూ కూర్చోకు" అని. ప్రేమతోనే చెబుతారు. 1987లో అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం ఈ సలహానే ప్రయోగానికి పెట్టింది. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాల పాటు ఆలోచించవద్దని, అది మనసులోకి వచ్చినప్పుడల్లా గంట కొట్టమని చెప్పారు. గంట మోగుతూనే ఉంది. తర్వాత ఇక ఆలోచించుకోవచ్చని వదిలిపెడితే, మొదటి నుంచీ ఆలోచించే అనుమతి ఉన్నవాళ్ల కంటే వీళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. తోసేస్తే తిరిగొచ్చేది అప్పు సంగతి కావచ్చు, పెళ్లిలో పిన్ని అన్న మాటా కావచ్చు.

మరి చుట్టూ చూడడం ఏం చేస్తుంది? ఏ క్షణానికైనా మనసులో పట్టే చోటు కొంతే. ఆందోళన తెచ్చే బొమ్మలకు ఆ చోటంతా కావాలి. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం కొందరికి భయంకరమైన దృశ్యాలున్న సినిమా ముక్కలు చూపించి, అరగంట తర్వాత టెట్రిస్ ఆట ఆడించింది. ఆడినవాళ్లకు తర్వాతి వారంలో ఆ దృశ్యాలు పిలవకుండా కళ్ల ముందుకొచ్చిన సందర్భాలు తగ్గాయి. ఇంకో సంగతి కూడా తేలింది: అడిగితే సినిమాలో ఏం చూశారో వాళ్లకు బాగానే గుర్తుంది. జ్ఞాపకం చెరిగిపోలేదు, మీద పడి కరవడం మాత్రం తగ్గింది. ఆటకూ గదిని గమనించడానికీ తేడా ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా ఊరట కలగాలంటే మరుపు రానక్కర్లేదన్న సంగతి దీంతో తెలుస్తుంది.

ఫోన్‌లో కాసేపు పాత బ్రహ్మానందం కామెడీ చూసుకుంటే తప్పేమీ లేదు. చాలా సాయంత్రాలు దానివల్లే గట్టెక్కుతాయి. చిక్కల్లా ఫోన్ మనల్ని ఉన్నచోటి నుంచి ఎత్తుకుపోవడం దగ్గర. అది పక్కన పెట్టేసరికి గంట గడిచి ఉంటుంది, బాధ ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది.

అపోహ: "చేసినా బాధ తగ్గలేదు, నాకిది కుదరదు"

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మందు బిళ్ల వేసుకుని జ్వరం దిగిందో లేదో చూసుకున్నట్టు ఐదు వస్తువులు చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుని పరీక్షించుకుంటారు. అలా పరీక్షించడమే మళ్లీ లోపలికి తవ్వుకోవడం. పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం, సాధారణంగా కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ నిమిషాలను దాటించడమే ఈ పద్ధతి చేసే సాయం. పదికి తొమ్మిదిగా ఉన్న కంగారు ఏడుకు దిగినా అది పనిచేసినట్టే. ఏడు దగ్గర మనిషి ఫోన్ ఎత్తి మాట్లాడగలడు, దిగాల్సిన స్టాపులో దిగగలడు, ఎదుటివాడి మీద అరవబోయి ఆగగలడు.

కుదరకపోవడానికి ఇంకో మామూలు కారణం తొందర. "ఫ్యాను, తలుపు, కుర్చీ, గోడ, టేబులు" అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేస్తే మనసుకు పని పడదు. ఆ జాబితా కళ్లు మూసుకునైనా చెప్పొచ్చు. ఒక్క ఫ్యానునే తీసుకోండి. మూడు రెక్కల్లో దేని అంచున దుమ్ము ఎక్కువ పట్టింది? తిరిగేటప్పుడు టిక్కుమనే చప్పుడు ప్రతి చుట్టుకూ వస్తోందా, రెండు చుట్లకోసారా? గోడ మీద దాని నీడ ఎటు కదులుతోంది? ఇంతవరకూ తెలియని సంగతి ఒకటి కనిపెట్టినప్పుడే గమనింపు మొదలైనట్టు. అయిదు, నాలుగు, మూడు అన్న అంకెల్లో మహిమేమీ లేదు. కంగారులో అవి గుర్తురాక ఇంకా కంగారుపడేవాళ్లు ఒక్క వస్తువుతో సరిపెట్టుకోవచ్చు.

ఇంద్రియాలన్నీ వాడాలన్న నియమం కూడా లేదు. ఐసీయూ బయట రాత్రుళ్లు గడిపిన మనిషికి స్పిరిట్ వాసనే ఆ రోజులన్నింటినీ తిరిగి తెచ్చిపెట్టవచ్చు. అలాంటప్పుడు ముక్కును వదిలేసి చేతుల్ని నమ్ముకోవాలి. చల్లటి స్టీలు గ్లాసు, చీర కొంగు నేత, తాళంచెవి పళ్లు, ఏదైనా సరే.

అపోహ: "ఇది ధ్యానమే, పేరు మార్చారు"

బంధుత్వం ఉంది. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణ బౌద్ధ సాధన నుంచి వచ్చిందే. అందులో ఒక్క ఎండు ద్రాక్షను చూసి, తాకి, వాసన పీల్చి, నెమ్మదిగా నమిలే పాఠం పేరు మోసింది. కానీ గ్రౌండింగ్‌లో కళ్లు తెరిచే ఉంటాయి, చూపు బయటికి ఉంటుంది, పని నిమిషాల్లో అయిపోతుంది. ఈ తేడా చిన్నది కాదు. పానిక్ ఉన్నవాళ్లలో కొందరికి శ్వాస మీద ధ్యాస పెట్టమంటే "ఊపిరి సరిగ్గా ఆడుతోందా?" అన్న భయమే ముదురుతుంది. పాత గాయాలున్నవాళ్లకు కళ్లు మూసుకోవడమే దడ పుట్టించవచ్చు. అలాంటివాళ్లను "ధ్యానం చేయి, అన్నీ సర్దుకుంటాయి" అని ఒత్తిడి చేయడం నాకు నచ్చదు. 2014లో 47 పరీక్షలను కలిపి చూసిన ఒక సమీక్ష, ధ్యాన శిక్షణ ఆందోళనను, కుంగుబాటును ఓ మోస్తరుగా తగ్గిస్తుందని చెప్పింది. వ్యాయామం కంటే, మందుల కంటే మెరుగన్న ఆధారం మాత్రం దానికి దొరకలేదు.

అపోహ: "చెట్టూ చేమా, ప్రశాంతత ఉంటేనే కుదురుతుంది"

పచ్చదనం మేలు చేస్తుందన్నదానికి ఆధారాలు గట్టివే. 1984లో వెలువడిన అధ్యయనం కోసం పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు కొంచెం ముందుగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఫోన్ యాప్ ద్వారా 1,292 మందిని మనసు ఎలా ఉందో రోజులో పలుమార్లు అడిగారు. పక్షిని చూసినప్పుడో, కూత విన్నప్పుడో మనసు తేలికపడిందని వాళ్లు చెప్పారు. ఆ తేలికదనం కొన్ని గంటలు నిలిచింది, డిప్రెషన్ ఉన్నవాళ్లలో కూడా. ఆ పక్షి నెమలే కానక్కర్లేదు. కరెంటు తీగ మీద కాకి చాలు.

అయితే ఇక్కడ రెండు వేర్వేరు ప్రయోజనాలు కలిసిపోతున్నాయి. చెట్ల మధ్య నడక రోజుల తరబడి అలసిన మనసును తేరుకోనిస్తుంది. కంగారు ముంచుకొచ్చిన నిమిషంలో కేబీఆర్ పార్కుకు పరుగెత్తలేం. కూకట్‌పల్లి హాస్టల్లో నలుగురు పడుకునే గదిలో, పై బెర్తుకు అతికించిన పాత స్టిక్కరు, పక్క గదిలో బకెట్ నిండుతున్న చప్పుడు, కింద బండి మీద వేగుతున్న మిరపకాయ బజ్జీల వాసన ఉంటే పని జరుగుతుంది. రద్దీలో నిజానికి చెవికి సరుకు ఎక్కువ. ఆర్టీసీ బస్సులో కండక్టరు గొంతు, అద్దం గలగలమనడం, బ్రేకు కీచుమనడం మూడూ విడివిడిగా పట్టుకోవడం నిశ్శబ్దాన్ని వినడం కంటే తేలిక.

అపోహ: "చెప్పుల్లేకుండా గడ్డి మీద నడిస్తే భూమి విద్యుత్తు ఒత్తిడిని లాగేస్తుంది"

దీన్నీ గ్రౌండింగ్ అనే పిలుస్తారు గానీ, ఇది వేరే వ్యాపారం. దీని పేరుతో ప్లగ్గుకు తగిలించే దుప్పట్లు కూడా అమ్ముతున్నారు. ఆ వాదనకు నమ్మదగ్గ రుజువు లేదు. తడి గడ్డి చల్లదనాన్ని పాదాలతో గమనిస్తే హాయిగా ఉంటుంది, దానికి దుప్పటి కొననక్కర్లేదు.

అపోహ: "ఎంత ఎక్కువగా చేస్తే అంత మంచిది"

ఈ అపోహ గురించి తెలుగులో దాదాపు ఎవరూ మాట్లాడరు. మెట్రో ఎక్కితే ఊపిరాడదని భయపడే అమ్మాయిని ఊహించుకోండి. మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేదాకా వస్తువులు లెక్కపెడుతూనే ఉంది. ఏమీ కాలేదు. దిగాక ఆమె నేర్చుకున్న పాఠం "మెట్రోలో ప్రమాదం లేదు" అని కాదు, "లెక్కపెట్టాను కాబట్టి బతికాను" అని. రేపు లెక్క తప్పితే భయం రెట్టింపు. ఇలా భయాన్ని బతికించి ఉంచే రక్షణ అలవాట్ల గురించి బ్రిటిష్ మనస్తత్వవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లోనే రాశాడు. అందుకే భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే చికిత్సలో ఉన్నవాళ్లను థెరపిస్టు గ్రౌండింగ్ ఆపమనవచ్చు. భయం వచ్చి, ఉండి, దానంతటదే దిగడం వాళ్లు స్వయంగా చూడాలి. ఓసీడీ (చేసిందే మళ్లీ మళ్లీ చేయాలనిపించే జబ్బు) ఉన్నవాళ్లలోనైతే ఈ లెక్కింపే కొత్త తంతుగా మారే ప్రమాదముంది.

దీనికి అసలైన చోటు ఇంకోటి. పాత ఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్లకు కట్టేవాళ్లకు, ఒంట్లోంచి బయటికొచ్చి తమను తామే దూరం నుంచి చూస్తున్నట్టు అనిపించేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. హింసను అనుభవించినవారి కోసం లీసా నజావిట్స్ 2002లో పుస్తకంగా తెచ్చిన చికిత్సా విధానంలో గ్రౌండింగ్‌కు పెద్ద చోటే ఉంది. తేదీ, ఊరి పేరు, గోడ రంగు పైకి చెప్పడం, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకోవడం లాంటివి. ఇది అప్పుడు కాదు, ఇప్పుడు అని ఒంటికి తెలియజెప్పడం.

ఇక దుఃఖం వచ్చిన ప్రతిసారీ నేల మీద టైల్స్ లెక్కపెట్టనక్కర్లేదు. నాన్న పోయిన నెలలో ఏడుపొస్తే ఏడవడమే.

అపోహ: "ఇది వస్తే డాక్టరు అవసరం లేదు"

ముందు ఒంటి సంగతి. మొదటిసారి ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, చెమటలు వస్తే వస్తువులు లెక్కపెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. అది పానిక్ అని తేల్చాల్సింది ఈసీజీ చూసిన డాక్టరు.

చుట్టూ ఉన్నదే ప్రమాదమైనప్పుడు కూడా ఈ పద్ధతికి పని లేదు. తాగొచ్చి కొట్టే మనిషి ఉన్న ఇంట్లో గోడ రంగు గమనించి శాంతించమనడం ఆ ఆడమనిషి భయాన్ని అవమానించడమే. అక్కడి భయం సరైన సమాచారమే ఇస్తోంది. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉన్నది అందుకే. అలాగే లోన్ యాప్‌వాళ్లు వేధిస్తుంటే పోలీసు ఫిర్యాదు కావాలి, గ్రౌండింగ్ మహా అయితే ఆ ఫిర్యాదు రాసేంత వరకు చేతులు వణక్కుండా చూస్తుంది.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని దెబ్బతింటున్నా, బతకడం అనవసరమన్న ఆలోచన వస్తున్నా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. డాక్టరు దగ్గరికి వెళ్తే మీరు చేస్తున్న గ్రౌండింగ్ గురించి కూడా చెప్పండి: ఎప్పుడు చేస్తున్నారు, వారంలో ఎన్నిసార్లు, చేయకపోతే ఏమవుతుందని భయపడుతున్నారు. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఆ మూడో జవాబు వాళ్లకు బాగా పనికొస్తుంది.