ముందు దీపం, ఆ తర్వాతే గోడ

హాస్టల్లో చేరిన కొత్తలో చాలామంది ముందుగా కొనేది పోస్టర్లు. నన్నడిగితే ఆ డబ్బు దీపానికి పెట్టమంటాను. ముగ్గురో నలుగురో ఉండే గదికి నడినెత్తిన ఒక్కటే ట్యూబ్‌లైటు ఉంటుంది. మంచం మీద కూర్చుని పుస్తకం తెరిస్తే మన తల నీడే పేజీ మీద పడుతుంది. పరీక్షల రోజుల్లో ఒకరు మేలుకుంటే మిగతా వాళ్లకు నిద్ర ఉండదు. గది దిగులుగా అనిపించడానికి గోడల కన్నా ఆ వెలుతురే పెద్ద కారణం.

ఒక టేబుల్ ల్యాంపు, అందులో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద కెల్విన్ అంకె చూడండి. 6500 అని ఉంటే వెలుగు తెల్లగా, కాస్త నీలి ఛాయతో ఉంటుంది. 2700, 3000 అయితే పసుపు వెలుగు, సాయంత్రం కబుర్లకు హాయిగా ఉంటుంది. చదువుకూ కబుర్లకూ ఒకటే బల్బు కావాలంటే 4000 దగ్గరిది తీసుకోండి. దాన్ని ఎంత దగ్గర పెడతామన్నదీ ముఖ్యమే. బల్బుకీ పేజీకీ మధ్య దూరం సగానికి తగ్గితే పేజీ మీద పడే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. చదువు అయ్యాక ల్యాంపు తలను గోడవైపు తిప్పితే వెలుగు గోడకు తగిలి గదంతా మెత్తగా పరుచుకుంటుంది. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ల్యాంపులు దొరకొచ్చు. వైరు ఎక్కడైనా చిట్లిందేమో చూసి, వెలిగించి చూపించమని అడిగాకే డబ్బులివ్వాలి.

ఇక బట్ట. కిటికీకి పరదా కొనక్కర్లేదు, ఇంట్లో అమ్మ కట్టడం మానేసిన నూలు చీర ఉంటే అడిగి తెచ్చుకోండి. చీర పొడవు సుమారు పద్దెనిమిది అడుగులు, పన్నా నాలుగు అడుగులకు కాస్త తక్కువ. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటీ నాలుగున్నర అడుగులు వస్తుంది. మామూలు కిటికీకి రెండు ముక్కలు సరిపోతాయి, మిగిలిన రెండూ దిండు గలీబులకు. పై అంచు మడిచి కుట్టి, అందులోంచి పురికొస దూర్చి కట్టేస్తే పని అయిపోయినట్టే. పట్టు చీర మాత్రం వద్దు, ఎండకు వెలిసిపోతుంది.

కొత్త బట్టే కావాలంటే నా ఓటు పెడన కలంకారీకి. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో చెక్క అచ్చులతో నూలు బట్ట మీద పూలూ తీగలూ అద్దుతారు. పాత పద్ధతిలో బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు, నలుపును బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీస్తారు. చేత్తో అద్దిన బట్టలో అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు అక్కడక్కడా ఓ వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. ఆ తేడా నాకు ఎంతో ఇష్టం. దుప్పటి మోయలేని ఖర్చనిపిస్తే మీటరు ముక్క కొని చదువుకునే బల్ల మీద పరిచినా గది తీరు మారుతుంది.

గోడ విషయంలో ఒక పరీక్ష చేయండి. అరచేత్తో రుద్దితే సున్నం పొడి అంటుకుంటోందా? అయితే ఏ టేపూ నిలవదు, అది పట్టుకునేది గోడను కాదు, పైనున్న పొడిని. మంచి పెయింటు వేసిన గోడ అయితే టేపు పీకేటప్పుడు పెయింటు పెచ్చు లేచి, ఖాళీ చేసే రోజున డిపాజిట్లో కోత పడొచ్చు. రెండింటికీ మందు ఒకటే. కిటికీ ఊచ నుంచి బీరువా పిడికి పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో ఫొటోలూ బొమ్మలూ తగిలించండి. హైదరాబాదులోనే ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఆదివారాలు అమ్మే పాత పత్రికల్లో మంచి రంగుల పేజీలు దొరుకుతాయి. విసుగొస్తే నిమిషంలో మార్చేయొచ్చు. మీ మంచం పక్క గోడ మీ ఇష్టం, మిగతా గోడలకు మాత్రం రూమ్మేట్లను అడగండి.

పచ్చదనానికి మనీప్లాంటును మించింది లేదు. తెలిసినవాళ్ల ఇంటి తీగ నుంచి కణుపు కింద కోసి, ఆ కణుపు నీళ్లలో మునిగేలా గాజు సీసాలో పెడితే వేళ్లు వస్తాయి. కుండీ, మట్టి అక్కర్లేదు. వారానికి ఒకసారి మాత్రం నీళ్లు తప్పకుండా మార్చి, సీసా లోపలి గోడలు రుద్ది కడగండి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్ల అంచున, పాత్ర గోడకే. మూతి దగ్గర కొంచెం దూది కుక్కితే ఇంకా మంచిది.