మట్టి లేని ఇంటితోట - పల్నాటి సున్నపు నీరు

మట్టి లేక నీటిలోనే కూరమొక్కలను పెంచు పద్ధతిని గూర్చి సభ్యులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. పట్టణములలో దీనికై దీపములును పంపులును గల తొట్లు అమ్ముచున్నారు గదా, అప్పు తెచ్చియైనను ఒకటి కొనవచ్చునా యని వారి ప్రశ్న. మా అభిప్రాయము ముందుగనే చెప్పెదము. వంటింటికి వలయు కొత్తిమీర, పుదీన, తోటకూరల మట్టుకు ఈ పని చేయదగినదే. దీనికై అప్పు చేయదగదు.

ఇందు గారడి యేమియు లేదు. మట్టి మొక్క నిలుచుటకు ఆధారము, దాని ఆహారమునకు గిడ్డంగి. ఆ ఆహారమును నీటిలో కరగించి యిచ్చి, వేళ్లకు గాలి తగులునట్లు చూచినచో మట్టి లేకున్నను మొక్క పెరుగును. 1929 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు గెరికె అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగశాలనుండి పంటలకు దెచ్చెను. మన దేశమున 1946 లో షోల్టో డగ్లస్ అను నతడు నాటి డార్జిలింగు జిల్లాలోని కాలింపాంగునందు, రాతిముక్కలును ఇసుకయు నింపిన తొట్లలో ఎరువుపొడి పైన జల్లి నీరు పోయుచు, యంత్రములతో పనిలేకయే కూరలు పండించెను. దానికి బెంగాలు పద్ధతి యని పేరు.

అయితే ఆ పద్ధతిని పల్నాటికి దెచ్చునపుడు ఒక చిక్కు గలదు. మనది సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల బట్టీలును, మాచెర్ల నాపరాళ్లును ఎఱుగనివా రెవరు? చేతికి దొరకినవి గదా యని ఆ రాతిముక్కలనే తొట్టిలో నింపినచో, అవి కొంచెము కొంచెముగ కరగి నీటిని క్షారముగ మార్చును. అప్పుడు ఇనుము ఉన్నను మొక్క దానిని తీసికొనజాలదు. లేత ఆకులలో ఈనెలు మాత్రము పచ్చగ నుండి తక్కిన భాగము పసుపుబాఱును. ఇది తెగులనుకొని మందు కొట్టువారు గలరు. రేపు చట్టిలోనికి పోవు ఆకుపై మందు కొట్టుటకంటె దానిని పెరికి పారవేయుట మేలు. రాతిని గీకి పొడి రాల్చి దానిపై నిమ్మరసము పిండి చూడుడు. బుసబుస పొంగినచో ఆ రాయి పనికిరాదు. గ్రానైటు ముక్కలు గాని, బాగుగ కడిగిన కొబ్బరిపొట్టు గాని వాడవలెను.

నీటికిని ఇదే మాట. కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టు నీటిలో సున్నము హెచ్చుగ నున్నదని తెలియవలెను. డాబామీద తొలివాన నీటిని విడిచి, తరువాతి వాననీటిని మూతగల పీపాలలో పట్టి సగపాలు కలిపినచో చిక్కు చాలవఱకు తీరును. ఆమ్లక్షారములను చూపు కాగితము దుకాణములలో దొరకును. అంకె 5.5 కును 6.5 కును నడుమ నుండవలెను.

కరెంటు పోయి వచ్చు ఊళ్లకు, హవాయి విశ్వవిద్యాలయమునకు చెందిన క్రాట్కీ పద్ధతి తగియున్నది. దీనికి పంపు లేదు. పది లీటర్ల బకెట్టు మూతకు రంధ్రములు చేసి, చిల్లుల గిన్నెలలో కొబ్బరిపొట్టు పెట్టి మొక్క నాటవలెను. మొదట నీరు గిన్నె అడుగును తాకుచుండవలెను. మొక్క త్రాగినకొలది నీరు దిగును. పైవేళ్లు గాలిలో నిలుచును. ఆ ఖాళీయే వాని ఊపిరి. నీరు తగ్గినదని అంచువఱకు నింపినచో వేళ్లు కుళ్లును. బకెట్టులోనికి వెలుతురు చొరరాదు, చొచ్చినచో పాచి పట్టును. పైన తెల్లరంగు వేసినచో వేడియు తగ్గును. మూత బిగువుగ నున్నచో దోమలు చేరవు.

ఎరువు విషయమున ఒక్క జాగ్రత్త ముఖ్యము. కాల్షియం నైట్రేటును తక్కిన ఎరువులతో చిక్కగ కలుపరాదు. కలిపినచో తెల్లని మడ్డి దిగి ఆహారము వ్యర్థమగును. వేఱువేఱుగ కరగించి, నీరున్న బకెట్టులో ఒకదాని తరువాత నొకటి పోయవలెను. అన్నియు కలిసి లీటరునకు రెండు గ్రాములు మించరాదు, లేతమొక్కకు సగము చాలును. యూరియా ఇచ్చట తగదు. పొలములో దానిని మార్చి మొక్కకందించు సూక్ష్మజీవులు మట్టిలో నున్నవి, బకెట్టులో అంతగ నుండవు.

తూర్పు కిటికీ దగ్గఱ ఆకుకూరలకు వెలుతురు చాలును. ధనియాలను రెండుగ నలిపి నానబెట్టి వేయవలెను. రెంటచింతల ఎండలు తెలిసినవే గదా. ఆ దినములలో కొత్తిమీర ఆకు వేయక పూతకు వచ్చును, కావున వేసవిలో దానిని మాని తోటకూర వేయుడు. పుదీన కొమ్మ నాలుగంగుళములది నీటిలో నిలిపినచో పదిదినములలో వేళ్లు తొడుగును. అమ్మువారి బొమ్మలలో గదిలోనే ఎఱ్ఱని టొమాటోలు వ్రేలాడుచుండును. వానికి వలయు వెలుతురు దీపములతో ఇచ్చి కరెంటు బిల్లు కట్టుటకంటె పెరటిలో పాదు చేయుట చౌక.

వాడిన నీటిని పెరటి మునగచెట్టునకు పోయవచ్చును. మిరప మందు కలిపిన డబ్బాను గాని డ్రమ్మును గాని, ఎన్నిమాఱులు కడిగినను, ఈ తోటకు వాడరాదు.